విదేశానికి బయలుదేరే ముందు మహానగరంలో నాలుగైదు రోజులు: ఎలా గడపాలి, ఏమేమి పూర్తి చేసుకోవాలి?

#1 తొలిప్రయాణం

అందరికీ నమస్కారం. పై చదువు కోసం వచ్చే నెలలో మొదటిసారి విదేశానికి బయలుదేరుతున్నాను. కోర్సు రెండేళ్లు. మేముండే చోట అంతర్జాతీయ విమానాశ్రయం లేనందువల్ల రాత్రంతా ప్రయాణం చేసి మహానగరం చేరుకొని, అక్కడ విమానం ఎక్కాలి. వీసా అతికించిన పాస్‌పోర్టును కూడా ఆ నగరంలోని దరఖాస్తు కేంద్రానికి వెళ్లి స్వయంగా తీసుకోవాలి. ఎలాగూ వెళ్లక తప్పదు కాబట్టి విమానానికి ఐదు రోజుల ముందే వెళ్లి అక్కడే ఉందామని ఇంట్లో అనుకున్నాం. అమ్మ నాతో వస్తోంది. ఆమెకు మోకాళ్ల నొప్పి ఉంది. మెట్లు ఎక్కడం, ఎక్కువసేపు నిలబడడం కష్టం. ఆ నగరాన్ని ఆమె ఇంతవరకు చూడలేదు.

ఐదు రోజులు నిజంగా అవసరమా, మూడు సరిపోతాయా అన్నది నా మొదటి సందేహం. బస విమానాశ్రయం దగ్గర తీసుకోవాలా, నగరం మధ్యలో తీసుకోవాలా అన్నది రెండోది. అన్నింటికంటే ముఖ్యంగా, ఆ రోజుల్లో చేయవలసిన పనులేవి, ఇంటి దగ్గరే ముగించుకొని రావలసిన పనులేవి అన్నది తెలియడం లేదు. అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

#2 రెండుగడియారాలు

మీరు రాసినదానిలో అన్నింటికంటే పెద్ద విషయం పాస్‌పోర్టు ఇంకా మీ చేతికి రాలేదన్నదే. మిగిలిన ఏర్పాట్లన్నీ దాని చుట్టూ తిరగాలి. ఐదు రోజులు అన్నారు కాని, అందులో కార్యాలయాలు తెరిచి ఉండే రోజులెన్నో ముందు లెక్కపెట్టండి. శనివారం, ఆదివారం, మధ్యలో ఒక సెలవు పడితే ఐదు రోజుల్లో మీకు మిగిలేవి రెండే. విదేశీ రాయబార కార్యాలయాలు మన సెలవులతో పాటు తమ దేశపు జాతీయ దినాలనాడు కూడా మూసి ఉంటాయన్న సంగతి చాలామందికి చివరి నిమిషంలో తెలుస్తుంది. ఆ కార్యాలయం ఏడాది సెలవుల పట్టికను సాధారణంగా తన వెబ్‌సైటులో పెడుతుంది; టికెట్టు కొనే ముందే దాన్ని చూడండి.

నేను రోజులను విమానం బయలుదేరే గడియ నుంచి వెనక్కి లెక్కపెడతాను. బయలుదేరే రోజుకు ఏ పనీ పెట్టను. దాని ముందు రోజు సామాను కట్టడానికి, నిద్రకు. ఆ ముందు రెండు పనిదినాలు దేనికీ కేటాయించకుండా ఖాళీగా ఉంచుతాను. పాస్‌పోర్టు తీసుకోవడం వంటి పని ఆ రెండు రోజులకంటే ముందే జరిగిపోవాలి. అందులో ఏదైనా పొరపాటు కనబడితే దిద్దించుకోవడానికే ఆ రెండు రోజులు. పొరపాటు లేకపోతే అవి మీవి, మీ అమ్మగారివి. ఈ లెక్కన చూస్తే మీ ఐదు రోజులు ఎక్కువేమీ కావు, సరిగ్గా సరిపోతాయి.

బస విషయంలో నా సలహా రెండు చోట్లా ఉండమనే. మొదటి రోజులు దరఖాస్తు కేంద్రానికి దగ్గరలో, చివరి రాత్రి విమానాశ్రయానికి దగ్గరలో. మహానగరంలో దూరాన్ని కిలోమీటర్లలో కాక గంటల్లో కొలవాలి. మధ్యాహ్నం నలభై నిమిషాల్లో చేరే చోటికి సాయంత్రం రెండు గంటలు పట్టవచ్చు.

#3 కాగితాలపెట్టె

పాస్‌పోర్టు అందుకున్న వెంటనే అక్కడే, ఆ కేంద్రం గడప దాటకముందే, వీసాను అక్షరం అక్షరం చదవండి. పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు సంఖ్య, వీసా రకం, ఎన్నిసార్లు ప్రవేశించవచ్చు, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు చెల్లుతుంది అన్నవి ఒక్కొక్కటిగా సరిచూడాలి. తప్పు ఉంటే బయటికి వచ్చాక కాదు, అక్కడి కిటికీ దగ్గరే చెప్పాలి. నగరంలో ముందుగా ఉండడం వల్ల కలిగే అసలు ప్రయోజనం ఇదేనని నా నమ్మకం. ఇంటికి వెళ్లిపోయాక తప్పు కనిపెట్టినవారు మళ్లీ రాత్రంతా ప్రయాణం చేసి రావలసి వస్తుంది.

వీసాపై కనిపించే చివరి తేదీకి అన్ని దేశాల్లోనూ ఒకే అర్థం లేదు. అమెరికా వీసాపై ఉన్న గడువు ఆ దేశపు సరిహద్దుకు చేరుకోవడానికి చివరి తేదీ మాత్రమే. ఎంతకాలం ఉండవచ్చో ప్రవేశం దగ్గర అధికారి నిర్ణయిస్తారు. ఐరోపాలోని చాలా దేశాలకు ఉమ్మడిగా చెల్లే షెంగెన్ వీసాలో ఉండదగిన రోజుల సంఖ్య వేరుగా ముద్రించి ఉంటుంది. మీరు వెళ్లే దేశానికి ఏది వర్తిస్తుందో తెలుసుకోండి.

పాస్‌పోర్టు గడువును కూడా చూడండి. చాలా దేశాలు ఇంకా ఆరు నెలల గడువు ఉండాలంటాయి. షెంగెన్ దేశాలకైతే అక్కడి నుంచి తిరిగి బయలుదేరే తేదీ తర్వాత మూడు నెలలు చెల్లుబాటు ఉండాలి, పైగా ఆ పాస్‌పోర్టు గత 10 ఏళ్లలోపు జారీ అయినదై ఉండాలి.

పేరు గురించి ఒక మాట. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున బాణం గుర్తులతో రెండు వరుసలుంటాయి కదా, ఒక్కొక్క వరుసలో 44 అక్షర స్థానాలుంటాయి. పై వరుసలో పేరుకు మిగిలేవి 39. అంతకు మించిన పొడవు పేర్లు అక్కడ కుదించబడతాయి. విమానయాన సంస్థ యంత్రం చదివేది ఆ వరుసలనే కాబట్టి, టికెట్టుపై ఇంటిపేరు, పేరు ఏ క్రమంలో ఉన్నాయో, ఆ వరుసలతో పొసుగుతున్నాయో సరిచూసుకోండి. తేడా ఉంటే బయలుదేరే పూట కౌంటరు దగ్గర వాదించడం కంటే నాలుగు రోజుల ముందు ఫోను చేసి దిద్దించుకోవడం ఎంతో సులువు.

మీ ప్రయాణంలో మధ్యలో విమానం మారాలా? రెండు ప్రయాణాలూ ఒకే టికెట్టు మీద ఉన్నాయా, వేర్వేరుగా కొన్నారా? వేర్వేరుగా కొంటే మధ్య దేశంలో సామాను తీసుకొని మళ్లీ అప్పగించవలసి రావచ్చు. అప్పుడు ఆ దేశంలోకి ప్రవేశించడానికి కూడా వీసా అవసరం కావచ్చు. ఇది నగరానికి రాకముందే తేల్చుకోవలసిన ప్రశ్న.

#4 నెమ్మదిమనిషి

పై సలహాలు మంచివే కాని, నాకు కొంత భిన్నాభిప్రాయం ఉంది. ఐదు రోజులు తెలియని చోట, అద్దె గదిలో, పెట్టెల మధ్య గడపడం మనిషిని అలసటకు గురిచేస్తుంది. నేను ఒకసారి ఆరు రోజుల ముందు వెళ్లాను. మూడో రోజుకు పనులన్నీ ముగిశాయి. తర్వాత ఊరికే కూర్చోలేక నగరమంతా తిరిగాను, వేళ తప్పి తిన్నాను, విమానం ఎక్కే నాటికి జ్వరం. పన్నెండు గంటలు ఆ జ్వరంతోనే కూర్చున్నాను. అందుకని తరవాతి ప్రయాణాల్లో రెండు రోజులకు మించి ముందుగా వెళ్లలేదు. పాస్‌పోర్టును ఇంటికే పంపే ఏర్పాటు చాలా కేంద్రాల్లో ఉంటుంది. దాన్ని వాడుకొని, వచ్చాక ఇంటి దగ్గరే సరిచూసుకొని, రెండు రోజుల ముందు బయలుదేరితే చాలదా?

#5 కొత్తరెక్క

నాదీ ఇలాంటి సందేహమే కనుక వేరే చర్చ మొదలుపెట్టకుండా ఇక్కడే అడుగుతున్నాను. మా సంస్థ పనిమీద మొదట ఫ్రాన్సుకు, రెండు వారాల తర్వాత అక్కడి నుంచి పశ్చిమ ఆఫ్రికాలోని ఘనాకు వెళ్లాలి. వీసా దరఖాస్తు, కావలసిన టీకాలు, విమానం అన్నీ ఒకే వారంలో నగరంలో ఉండి ముగించుకోవచ్చని అనుకుంటున్నాను. ఒక్క వారం సెలవు మాత్రమే దొరుకుతుంది. సాధ్యమేనా?

#6 కాగితాలపెట్టె

కొత్తరెక్క గారూ, ఒక వారంలో సాధ్యం కాదనే అనుకొని ఏర్పాట్లు చేసుకోండి. ఫ్రాన్సు షెంగెన్ ప్రాంతంలోని దేశం. స్వల్పకాలిక షెంగెన్ వీసా దరఖాస్తును ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి ఇవ్వవచ్చు. మామూలుగా కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. నిర్ణయానికి సాధారణ గడువు 15 రోజులు, అదనపు పరిశీలన అవసరమైతే 45 రోజుల వరకు పోవచ్చు. కొందరికి నాలుగైదు రోజుల్లో వచ్చిందని వింటాం. నిజమే, కాని అది దక్కితే అదృష్టం, దాని మీద టికెట్టు కొనకూడదు. వీసాకు ప్రయాణ బీమా పత్రం కావాలి; దాని రక్షణ కనీసం 30,000 యూరోలకు ఉండాలి. కాబట్టి దరఖాస్తుకు ఒకసారి, ప్రయాణానికి మరొకసారి నగరానికి రావలసిందే. ఆ రెండు రాకలను ఒక్కటిగా కలపబోయి నష్టపోయినవారిని నేను దగ్గరగా చూశాను.

నెమ్మదిమనిషి గారికి కూడా ఒక మాట. పాస్‌పోర్టు ఇంటికి వచ్చేలా చేసుకోవడం మంచి మార్గమే. కాని తొలిప్రయాణం గారికి స్వయంగా తీసుకోవాలనే చెప్పారు. పైగా తరగతులు మొదలయ్యే తేదీ ముందు మిగిలిన రోజులు తక్కువగా ఉన్నప్పుడు పాస్‌పోర్టు తపాలాలో ఎక్కడుందో తెలియని స్థితి కంటే చేతిలో ఉండడం మేలు.

#7 గుండెచప్పుడు

నేను వైద్యవృత్తిలో ఉన్నాను. టీకాల గురించి స్పష్టంగా చెప్పవలసిన అవసరం ఉంది, ఎందుకంటే చివరి వారంలో పూర్తి చేసుకోవచ్చని జనం అనుకునే పనుల్లో వీలుకానిది ఇదే.

ఘనాలో ప్రవేశించడానికి పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకా ధ్రువపత్రం కావాలి. ఆ పత్రం టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాతే చెల్లుబాటవుతుంది. కొత్తరెక్క గారు ముందు రెండు వారాలు ఫ్రాన్సులో ఉంటారు కాబట్టి ఆ లెక్క సరిపోవచ్చు గాని, నేరుగా వెళ్లేవారు విమానం ముందు రోజు వేయించుకుంటే ప్రయోజనం లేదు. అది అధికారికంగా గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. అటువంటివి ఎక్కువగా మహానగరాల్లోనే ఉంటాయి, అవీ వారంలో కొన్ని రోజులే పనిచేయవచ్చు. ఒకసారి వేయించుకుంటే 2016 జూలై 11 నుంచి ఆ పత్రం జీవితాంతం చెల్లుతుంది. పాత పత్రంపై పదేళ్లు అని రాసి ఉన్నా అది చెల్లుతుంది. టైఫాయిడ్ సూదిమందును కనీసం రెండు వారాల ముందు తీసుకోవడం మంచిది. ఆఫ్రికాలో మలేరియా ఉన్న చోటికి వెళ్తున్నారు కాబట్టి దాని నివారణ మాత్రల గురించి కూడా వైద్యుణ్ణి అడగండి. కొన్ని మాత్రలు ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెడితే చాలు, మెఫ్లోక్విన్ అనే మందును మాత్రం కనీసం రెండు వారాల ముందు మొదలుపెట్టాలి. అందుకే ప్రయాణికులు నాలుగు నుంచి ఆరు వారాల ముందే వైద్యుణ్ణి కలవాలని చెబుతాం. ఆలస్యమైందని మానెయ్యకండి, చివరి వారంలో కలిసినా ఎంతో కొంత మేలు జరుగుతుంది.

తొలిప్రయాణం గారూ, మీరు రోజూ వేసుకునే మందులేమైనా ఉంటే అసలు పెట్టెలతోనే, వైద్యుడు రాసిన చీటీతో పాటు చేతి సంచిలో పెట్టుకోండి. చీటీలో వ్యాపార నామం కాక మందు అసలు పేరు ఉండాలి. మనకు సాధారణమైన మందు మరో దేశంలో నిషిద్ధం కావచ్చు. ఉదాహరణకు జపాన్‌లోకి 10 శాతానికి మించి సూడోఎఫెడ్రిన్ ఉన్న జలుబు మందులను తీసుకువెళ్లకూడదు. ఇది నగరంలో మందుల దుకాణానికి వెళ్లే ముందే తెలుసుకోవలసిన సంగతి.

నెమ్మదిమనిషి గారి జ్వరం గురించి చదివి ఆశ్చర్యపడలేదు. ఈ రోజుల్ని శరీరానికి ఉపయోగపడేలా గడపడానికి ఒక దారి ఉంది. మన లోపలి గడియారం నిడివి 24 గంటలకంటే స్వల్పంగా ఎక్కువ. అందువల్ల నిద్రను వెనక్కి జరపడం కంటే ముందుకు జరపడం దానికి కష్టం. తూర్పు దిశగా ప్రయాణించినవారు ఎక్కువగా ఇబ్బంది పడేది అందుకే. ఒక రోజులో అది సుమారు ఒక గంట మేరకే సర్దుకుంటుంది. తూర్పుకు వెళ్లేవారు నగరంలో గడిపే మూడు నాలుగు రోజులూ రోజుకు కొంచెం ముందుగా పడుకొని, పొద్దున్నే లేచి వెలుతురులో ఒక అరగంట నడిస్తే, దిగిన తర్వాత ఆ మేరకు తేలికపడుతుంది. పడమరకు వెళ్లేవారు సాయంత్రపు వెలుతురులో ఉండి, కాస్త ఆలస్యంగా పడుకోవాలి. ఇంటి దగ్గర పలకరించడానికి వచ్చేవారి మధ్య ఇది సాగదు. గదిలో ఉన్నప్పుడు సాగుతుంది.

#8 అర్ధరాత్రివిమానం

నా అనుభవం ఒక్కటి చెప్పి వెళ్తాను. టికెట్టుపై 15వ తేదీ 00.40 అని ఉంది. నేను, మా అన్నయ్య ఇద్దరం చదువుకున్నవాళ్లమే. 15వ తేదీ రాత్రి అని అనుకున్నాం. నగరంలో నాలుగు రోజులు హాయిగా ఉండి, 15వ తేదీ పొద్దున పెట్టెలు సర్దుతూ ఉంటే, టికెట్టు చూసిన వదిన విమానం ఎప్పుడో వెళ్లిపోయిందని చెప్పింది. అంటే 14వ తేదీ రాత్రి తొమ్మిదిన్నరకల్లా మేము విమానాశ్రయంలో ఉండవలసింది. ఆ కొత్త టికెట్టు ఖర్చు కంటే అమ్మానాన్నలకు ఫోను చేసి చెప్పడం ఎక్కువ బాధ కలిగించింది.

అర్ధరాత్రి దాటాక బయలుదేరే విమానాలు ఎన్నో ఉంటాయి. టికెట్టు మీద తేదీ పక్కన "ముందు రోజు రాత్రి బయలుదేరాలి" అని మీ చేతితో రాసి, ఇంట్లో అందరికీ చూపించండి. గది కూడా ఆ లెక్క ప్రకారమే ఖాళీ చేయాలి.

#9 తొలిప్రయాణం

అర్ధరాత్రివిమానం గారూ, మీ సందేశం చదివి వెంటనే నా టికెట్టు తీసి చూశాను. 02.10 అని ఉంది. నేను కూడా మీలాగే అనుకున్నాను. ఒక రోజు ముందే వెళ్లాలన్నది ఇప్పుడే తెలిసింది. అంటే నా ఐదు రోజులు నిజానికి నాలుగే. మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

రెండుగడియారాలు గారు చెప్పినట్లు వెనక్కి లెక్కపెట్టి చూస్తే పాస్‌పోర్టు తీసుకోవలసిన రోజు శుక్రవారం పడుతోంది. దిద్దుబాటు అవసరమైతే మధ్యలో శని, ఆదివారాలు. కాబట్టి ఇంకొక రెండు రోజులు ముందుగా, బుధవారానికే చేరుకోవాలని నిర్ణయించుకున్నాం. మధ్యలో విమానం మారాలి గాని రెండూ ఒకే టికెట్టు మీద ఉన్నాయి. పేరు కూడా సరిపోయింది. ఇప్పుడు సామాను గురించి, ఫోను, డబ్బు గురించి కూడా ఎవరైనా చెబితే బాగుంటుంది.

#10 బరువుతూకం

సామానును ఇంటి దగ్గర కట్టినా, చివరిసారి కట్టవలసింది నగరంలోని గదిలోనే. ఎందుకంటే మీరు ఆ రోజుల్లో ఏదో ఒకటి కొంటారు, ఎవరో ఒకరు ఏదో ఒకటి ఇస్తారు. చాలా మార్గాల్లో సాధారణ తరగతికి ఒక్కొక్క పెట్టెకు 23 కిలోలు అనుమతిస్తారు. అదనపు బరువుకు డబ్బు కట్టడానికి సిద్ధపడినా 32 కిలోలు దాటిన పెట్టెను మామూలుగా తీసుకోరు. దాన్ని ఎత్తే కార్మికుల నడుము కోసం పెట్టిన హద్దు అది. చేతితో పట్టుకొని తూచే చిన్న త్రాసు ఒకటి వెంట ఉంచుకోండి. మీకు ఉన్న గొప్ప సౌకర్యం ఏమిటంటే అమ్మగారు తిరిగి ఇంటికి వెళ్తారు. ఎక్కువైనవి ఆమెతో పంపవచ్చు. అందుకే ఆఖరి తూకం ముందు రోజు సాయంత్రానికే ముగియాలి. విమానాశ్రయం గుమ్మం దగ్గర పెట్టె విప్పి, మోకాళ్ల నొప్పి ఉన్న తల్లి చేతిలో బరువులు పెట్టవలసిన పరిస్థితి రాకూడదు.

పవర్ బ్యాంకు, విడి బ్యాటరీలు అప్పగించే పెట్టెలో పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. వాటి నిల్వ సామర్థ్యం 100 వాట్-అవర్ల వరకు ఉంటే అనుమతి అడగనక్కరలేదు. 100 నుంచి 160 వరకు విమాన సంస్థ అనుమతి కావాలి. ఆపైన ప్రయాణికుల విమానంలో కుదరదు. పవర్ బ్యాంకు మీద రాసిన ఎంఏహెచ్ (mAh) సంఖ్యను 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే వాట్-అవర్లు వస్తాయి. 20,000 అని ఉంటే 74, కాబట్టి నిశ్చింత. అంకెలు చెరిగిపోయిన పాత పవర్ బ్యాంకును తనిఖీలో తీసేసుకోవచ్చు. అది ఇంట్లోనే ఉంచండి.

#11 రెండుగడియారాలు

ఫోను సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గాని విదేశంలో అడుగుపెట్టిన మొదటి వారమంతా దాని మీదే ఆధారపడతారు. బ్యాంకు పంపే ఓటీపీ మీ ఇప్పటి నంబరుకే వస్తుంది. ఆ నంబరు అక్కడ కూడా సందేశాలు అందుకోవాలంటే రోమింగ్‌ను బయలుదేరే ముందే తెరిపించుకోవాలి. దేశం దాటాక తెరిపించుకోబోతే దానికీ ఒక ఓటీపీ అడుగుతుంది, అది రాదు. నా సొంత అనుభవంలో పదకొండు రోజులు నా ఖాతాలోని డబ్బును నేనే తాకలేకపోయాను. కార్డుపై విదేశీ లావాదేవీలకు అనుమతి కూడా వేరుగా ఇవ్వాలి. కొత్త కార్డు అయితే నగరంలో ఉన్నప్పుడే ఒకసారి వాడి చూడండి. పనిచేయకపోతే బ్యాంకు శాఖకు నడిచి వెళ్లగలిగే ఆఖరి రోజులు అవే. రెండు కార్డులుంటే ఒకే సంచిలో పెట్టవద్దు.

నగదు గురించి ఒక నియమం గుర్తుంచుకోండి. అమెరికాలోకి 10,000 డాలర్లకు మించి తీసుకువెళ్తే, ఐరోపా సమాఖ్యలోకి 10,000 యూరోలు లేదా అంతకంటే ఎక్కువ తీసుకువెళ్తే ప్రవేశించేటప్పుడు ప్రకటించాలి. తీసుకువెళ్లడం తప్పు కాదు, ప్రకటించకపోవడం తప్పు.

#12 కాగితాలపెట్టె

మరచిపోయిన రెండు విషయాలు. డిగ్రీ పత్రాలపై అపొస్టిల్ ముద్ర, అంటే పత్రం అసలైనదని విదేశాల కోసం ప్రభుత్వం వేసే ధ్రువీకరణ, మీ విశ్వవిద్యాలయం అడిగిందా? 1961 నాటి హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాల మధ్య ఆ ఒక్క ముద్ర చాలు. ఒప్పందంలో లేని దేశమైతే ఆ దేశపు రాయబార కార్యాలయం వరకు కాగితం నడవాలి, దానికి వారాలు పట్టవచ్చు. చైనా 2023 నవంబరులో, కెనడా 2024 జనవరిలో ఈ ఒప్పందం పరిధిలోకి వచ్చాయి. అంతకు ముందు వెళ్లినవారు చెప్పే పద్ధతి ఇప్పుడు ఆ దేశాలకు వర్తించదు.

అక్కడ వాహనం నడపాలనుకుంటే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌ను కూడా ఇక్కడే తీసుకోవాలి. మీకు లైసెన్సు ఇచ్చిన దేశమే దాన్ని ఇస్తుంది.

#13 పాతబాట

చర్చ మొదటి నుంచి చదువుతున్నాను. కాగితాల గురించి, బరువుల గురించి అందరూ నాకంటే బాగా చెప్పారు. నేను ఇద్దరు పిల్లల్ని ఇలాగే నగరానికి తీసుకువెళ్లి విమానం ఎక్కించిన తల్లిని. ఆ వైపు నుంచి కొంచెం చెప్పాలనిపించింది.

పెద్దవాడితో వెళ్లినప్పుడు ఐదు రోజులు ఉన్నాం. ఆ ఐదు రోజులూ వాడు కార్యాలయాలకు, దుకాణాలకు, స్నేహితులను కలవడానికి తిరుగుతూనే ఉన్నాడు. నేను గదిలో కిటికీ దగ్గర కూర్చున్నాను. ఎక్కడికీ వెళ్లలేక కాదు. తెలియని నగరంలో ఒంటరిగా ఎటు వెళ్లాలో తెలియక. వాడి తప్పు లేదు, పనులు నిజంగానే ఉన్నాయి. విమానాశ్రయంలో లోపలికి వెళ్లే గుమ్మం దగ్గర మాకు దొరికింది పది నిమిషాలు. చెప్పాలనుకున్నవి అప్పుడు గుర్తుకు రాలేదు.

చిన్నదానితో వెళ్లినప్పుడు అది ఒక పని చేసింది. రోజూ మధ్యాహ్నం పన్నెండు తర్వాత ఏ పనీ పెట్టుకోలేదు. పొద్దున్నే వెళ్లి పని చూసుకొని వచ్చేది. తర్వాత ఇద్దరం ఏదో ఒకే ఒక చోటికి వెళ్లేవాళ్లం. మెట్లు లేని, కూర్చునే చోటున్న స్థలం ముందే కనుక్కొని తీసుకువెళ్లేది. ఒక రోజు మ్యూజియంలో మూడు గదులు మాత్రమే చూసి, మిగిలిన సమయమంతా ఒక బల్ల మీద కూర్చొని మాట్లాడుకున్నాం. ఇంకో రోజు అసలు బయటికే వెళ్లకుండా ఫోనులో వీడియో కాల్ ఎలా చేయాలో, విమానం ఎక్కడ ఉందో మ్యాపులో ఎలా చూడాలో నాతో పదిసార్లు చేయించింది. ఆ రాత్రి అది ఆకాశంలో ఉన్నంతసేపు నేను ఇంటికి వెళ్లే బండిలో కూర్చొని ఆ చిన్న విమానం బొమ్మ కదలడం చూస్తూ ఉన్నాను. నాకు భయం వేయలేదు.

ఇంకొక విషయం చాలామంది ఆలోచించరు. మీ విమానం తెల్లవారుజామున రెండింటికి. మీరు లోపలికి వెళ్లాక అర్ధరాత్రి వేళ అమ్మగారు ఎక్కడికి వెళ్తారు, ఎవరితో వెళ్తారు? ఆ రాత్రికి గది ఖాళీ చేయవద్దు. ఆమె తిరుగు ప్రయాణం మర్నాడు పగలు ఉండేలా చూడండి. ఆమెను గది వరకు దించే మనిషినో వాహనాన్నో ముందే కుదర్చండి. వీలైతే తోడుగా మరొకరిని తీసుకురండి.

#14 నెమ్మదిమనిషి

పాతబాట గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. రోజులు తగ్గించుకోమని నేను చెప్పింది ఒంటరిగా ప్రయాణించే మనిషిని దృష్టిలో పెట్టుకొని మాత్రమే. మధ్యాహ్నం తర్వాత పని పెట్టుకోకూడదన్న మీ అమ్మాయి పద్ధతి నేను అనుసరించి ఉంటే ఆ జ్వరం వచ్చేదే కాదు. తొలిప్రయాణం గారూ, నా పాత సలహాను వదిలేయండి. ముందుగానే వెళ్లండి, కాని పూటకు ఒక్క పనికి మించి పెట్టుకోవద్దు.

#15 కొత్తరెక్క

నేను కూడా సంస్థవారితో మాట్లాడి ప్రయాణాన్ని ఆరు వారాలు వెనక్కి జరిపించాను. వచ్చే వారం దరఖాస్తుకు, పచ్చజ్వరం టీకాకు నగరానికి వెళ్తున్నాను. కాగితాలపెట్టె గారికి, గుండెచప్పుడు గారికి ధన్యవాదాలు.

#16 తొలిప్రయాణం

ఇక్కడికి చేరి తొమ్మిది రోజులైంది. ఆ రోజుల్లో ఏం జరిగిందో రాయడం నా బాధ్యత అనిపించింది.

బుధవారం నగరం చేరాం. గురువారం పొద్దున పాస్‌పోర్టు తీసుకొని, చెప్పినట్లే గడప దాటకుండా చదివాను. పేరు, తేదీలు సరిగ్గా ఉన్నాయి. పాస్‌పోర్టు సంఖ్యలో మాత్రం ఒక అంకె తప్పుగా పడింది. 3 ఉండవలసిన చోట 8. నేను మొదట చూసినప్పుడు కనిపించలేదు. రెండోసారి వేలు పెట్టి ఒక్కొక్క అంకె చదివితే తెలిసింది. కిటికీ దగ్గర చెప్పగానే వారు కాగితం రాయించుకొని పాస్‌పోర్టును వెనక్కి తీసుకున్నారు. శుక్రవారం రాలేదు. శని, ఆదివారాలు నేను సరిగ్గా నిద్రపోలేదు. సోమవారం సాయంత్రం నాలుగు గంటలకు దిద్దిన వీసాతో చేతికి వచ్చింది. విమానం ఆ మర్నాడు రాత్రి దాటాక. మొదట అనుకున్నట్లు శుక్రవారం తీసుకొని ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికి కూడా భయంగా ఉంది.

ఆ శని, ఆదివారాల్లో చేయగలిగింది ఏమీ లేదు కాబట్టి, పాతబాట గారు చెప్పినట్లు అమ్మను రోజుకు ఒకే చోటికి తీసుకువెళ్లాను. ఆదివారం ఒక చెరువు గట్టున చెట్ల కింద మూడు గంటలు కూర్చున్నాం. నాన్న పోయిన తర్వాత ఇల్లు ఎలా నడిపిందో అమ్మ ఎప్పుడూ నాతో చెప్పలేదు. ఆ రోజు చెప్పింది. అప్పు ఎవరి దగ్గర తీసుకుందో, ఎప్పుడు తీర్చిందో, నా మొదటి సంవత్సరం ఫీజు ఎలా కట్టిందో అన్నీ.

పిన్ని సోమవారం వచ్చి తోడుగా ఉంది. మంగళవారం రాత్రి నేను లోపలికి వెళ్లాక ఇద్దరూ గదికి వెళ్లి పడుకొని, బుధవారం పగటి బండిలో ఇంటికి వెళ్లారు. పెట్టెలో రెండు కిలోలు ఎక్కువైతే అమ్మతోనే వెనక్కి పంపాను. విమానం మారే చోట దిగి ఫోను తెరిచేసరికి ఆమె నుంచి సందేశం ఉంది. "నీ విమానం దిగినట్లు బొమ్మలో చూశాను. మేము ఇంకా దారిలో ఉన్నాము" అని.